కుడివైపు చూసే చిలక

సోమవారం పొద్దున్నే మెయిల్ వచ్చింది. ఇన్నేళ్ళుగా తమతో కలిసి ప్రయాణం చేసినందుకు చాలా సంతోషమంట. ఊరికే ఇచ్చిన వెబ్‌సైట్లన్నీ మూసేస్తున్నందుకు బాధంట. నావేమన్నా వాళ్ళ దగ్గరుంటే నెలాఖరులోగా తీసేసుకోవాలంట, ఆ తర్వాత అన్నీ చెరిపేస్తారంట. కింద సంతకం ఉండాల్సిన చోట "మీ బృందం" అని ఉంది.

మీవి మీరు తీసుకోండి! ఎంత మర్యాదో చూడండి. చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. బాబాయ్ పోయి అప్పటికి నాలుగు రోజులు. ఈ మెయిల్ చూడాల్సిన మనిషి ఆయనే. చూసుంటే మొట్టమొదట అడిగేది ఒకటే: "ఎవరు రాశారమ్మాయ్ ఇది? పేరేదీ?"

బాబాయ్ అంటున్నాను గానీ ఆయన నాకు చుట్టం కాదు. పెడనలో కలంకారీ బట్టల మీద అద్దే చెక్క అచ్చులు చెక్కేవాడు. నేను బందర్లో కోర్టుకి దగ్గర్లో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని నెట్ సెంటర్ నడిపేదాన్ని. బ్యాంకు పరీక్షలు రెండుసార్లు తప్పి, మూడోసారి రాసేది లేదని ఇంట్లో పోట్లాడి పెట్టిన సెంటరది. నా నోటికి జడిసి కుర్రాళ్ళెవరూ పిచ్చి పిచ్చి సైట్లు తెరిచేవాళ్ళు కాదు. ఆ సెంటరుకున్న మంచి పేరు అదొక్కటే.

బాబాయ్ మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. తెల్ల చొక్కా, ముంజేతి వెంట్రుకల్లో టేకు పొట్టు.

"పర్లేదు బాబాయ్, వేసుకునే రండి" అన్నాను.

"లోపల పని జరుగుతోందిగా" అన్నాడు.

పని జరిగే చోటికి చెప్పులతో వెళ్ళడం ఆయనకి అలవాటు లేదు. లోపల జరుగుతున్న పనేంటంటే, పాలిటెక్నిక్ కుర్రాళ్ళు ముగ్గురు తుపాకులాట ఆడుకుంటున్నారు. ఆ మాట చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. తర్వాత ఎన్నేళ్ళొచ్చినా, వానలో వచ్చినా, చెప్పులు బయటే.

గురువారం గురువారం వచ్చేవాడు. బందర్లో ఉలులకి సాన పట్టించుకోవడానికో, టేకు ముక్కల కోసమో వచ్చి, పనయ్యాక నా దగ్గర ఓ గంట కూర్చునేవాడు. మెత్తటి కుర్చీ ఖాళీగా ఉన్నా స్టూలు లాక్కునేవాడు. మోడెం కీచుమంటూ ఫోను లైను పట్టుకుంటుంటే చెవులు మూసుకుని, "ఎవర్నో గొంతు పిసుకుతున్నారమ్మాయ్ లోపల" అనేవాడు. ప్రతి వారం అదే మాట, ప్రతి వారం నాకు నవ్వే.

ఆయన బొటనవేలు ఊరుకునేది కాదు. ఏ వస్తువు కనపడినా అంచు మీద ఒకసారి రాసి చూడాల్సిందే. బల్ల అంచు, మానిటర్ అంచు, నా టిఫిన్ డబ్బా మూత. ఒకరోజు మౌస్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది తెలిసినోడు చేశాడు. అరచేతికి ఎక్కడ ఎత్తు కావాలో అక్కడే పెట్టాడు. ఎవరమ్మాయ్ చేసింది?"

"కంపెనీ చేసింది బాబాయ్."

"కంపెనీ అమ్ముద్ది. చేసింది ఎవరు?"

నాకేం తెలుసు! తిరగేసి చూశాను. కంపెనీ పేరు, దేశం పేరు, పొడుగాటి నంబరు ఒకటి. తెలీదు బాబాయ్ అన్నాను. ఆయన మౌస్‌ని నెమ్మదిగా బల్ల మీద పెట్టి "పాపం" అన్నాడు. ఎవర్ని అన్నాడో నేను అడగలేదు.

ఆట ఆడే కుర్రాళ్ళ వెనక నిలబడి చూడటం ఆయనకి సరదా. వాళ్ళకి చిరాకు. "చచ్చిపోయాడుగా, మళ్ళీ లేచాడేంటి?" అని అడిగేవాడు. ఇంకా రెండు లైఫులున్నాయండీ అని వాళ్ళు. "మరి అన్ని ప్రాణాలుంటే ఆ చెమటలెందుకయ్యా నీకు?" అనేవాడు. ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు.

అసలు ఆయన చూసేది ఆట కాదు, గోడ. ఆ ఆటలో పాడుబడ్డ గోడ ఒకటి ఉండేది, దాని చాటున నక్కి కాల్చాలి. "ఆ గోడ చూడు. ఇటుకకీ ఇటుకకీ మధ్య సున్నం రాలిపోయింది. కింద నాచు కూడా పెట్టాడు. ఎంత ఓపికుండాలి! ఎవరు గీశారయ్యా దీన్ని?"

"కంపెనీ అండీ" అన్నాడు ఆడే కుర్రాడు, కళ్ళు తిప్పకుండా.

"పొద్దస్తమానం ఆ గోడ చాటున నక్కి ప్రాణం కాపాడుకుంటున్నావ్. గీసినోడి పేరు తెలీదా నీకు?"

ముగ్గురూ పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి ఆయనకి గోడ తాత అని పేరు పెట్టారు. నేను విని ఏకిపారేశాను వాళ్ళని. పేరు మాత్రం పోలేదు.

వాళ్ళలోనే ఒకడు ఓ గురువారం ఆ ఆట మొత్తం గెలిచేశాడు. కేకలు, చప్పట్లు. తెర నల్లబడి కింద నుంచి పైకి పేర్లు రావడం మొదలైంది. ఎప్పట్లాగే ఆపేయబోతుంటే బాబాయ్ "ఆగు!" అని అరిచాడు. ఆ అరుపుకి సెంటరంతా ఉలిక్కిపడింది.

"ఏంటవి అమ్మాయ్?"

"ఆట తయారుచేసిన వాళ్ళ పేర్లు బాబాయ్."

"చదువు."

చదివాను. నోరు తిరగని పేర్లు. గోడలు గీసినవాళ్ళు వీళ్ళు, చప్పుళ్ళు పెట్టినవాళ్ళు వీళ్ళు అని చదువుకుంటూ పోయాను. ఎనిమిది నిమిషాలో పది నిమిషాలో పట్టింది. ఆయన స్టూలు మీంచి లేచి చేతులు కట్టుకుని చివరి పేరు దాకా నిలబడ్డాడు. అయ్యాక కుర్రాళ్ళ వైపు తిరిగి, "చూశారా, ఉన్నారు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు ఈసారి.

కంప్యూటర్లో ఆయనకి నచ్చనిది ఒకటుంది. నేను టైపు కొడుతూ తప్పు పడినప్పుడల్లా రెండు మీటలు కలిపి నొక్కి వెనక్కి తెచ్చేసేదాన్ని. ఏం చేశావ్ అన్నాడు. చూపించాను. పదిసార్లు తప్పు చేస్తే పదిసార్లూ వెనక్కి తీసుకోవచ్చని గొప్పగా చెప్పాను. ఆయన మొహం ముడుచుకుంది. చెక్క మీద ఒక్క ఉలి దెబ్బ పక్కకి పోతే రెండు నెలల పని పొయ్యిలోకే.

"అలవాటు చేసుకోకమ్మాయ్ అది" అన్నాడు.

సరే, ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

ఆయన దగ్గర ఒక చిలక ఉండేది. తీగ మీద కూర్చుని మెడ తిప్పి కుడివైపు చూసే చిలక. వాళ్ళ నాన్న గీసిన బొమ్మ, ఈయన చెక్కిన అచ్చు. గీతలకి ఒక చెక్క, రంగులకి మూడు, మొత్తం నాలుగు చెక్కలు. మిగతా అచ్చులన్నీ చెక్కి అద్దకం వాళ్ళకి అమ్మేసేవాడు గానీ చిలకని ఎవరికీ అమ్మలేదు. చిలక చీర కావాలని ఆర్డరొస్తే అద్దకం వాళ్ళు ఆయనింటికొచ్చి అచ్చులు అడిగి తీసుకెళ్ళాలి, పనవ్వగానే కడిగి, నూనె రాసి తెచ్చి ఇవ్వాలి. పెడనలో దాన్ని బాబాయ్ చిలక అనేవాళ్ళు. పండక్కి ఎవరింటికెళ్ళినా ఆ చిలక చీర కట్టుకున్న ఆడవాళ్ళు ఒకరిద్దరు కనపడేవాళ్ళని పిన్ని, అంటే ఆయన భార్య, నాతో చెప్పి మురిసిపోయేది. ఇద్దరూ తినే తిండి కూడా చాలావరకు ఆ చిలక పెట్టిందే.

ఫారిన్ వాళ్ళు ఇప్పుడు డిజైన్లు కంప్యూటర్లోనే చూస్తున్నారని ఎవరో ఆయన చెవినేశారు. అడిగాడు. నాకు ఉత్సాహం పొంగుకొచ్చింది. ఒక కంపెనీ ఊరికే వెబ్‌సైట్లు ఇస్తోంది బాబాయ్, పైసా అక్కర్లేదు, మీ చిలకని ప్రపంచమంతా చూస్తుంది అన్నాను.

"ఊరికే ఎందుకిస్తాడు?"

"అది అంతే బాబాయ్. ఇంటర్నెట్టులో అన్నీ ఊరికే."

నన్ను ఇప్పుడు తల్చుకుంటే నాకే చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

తర్వాతి గురువారం పాత పంచెలో చుట్టి గీతల అచ్చు తెచ్చాడు. దాంతోపాటు చిలక అద్దిన బట్ట ముక్క. స్కానర్ మీద ముందు బట్టే పెట్టాను. ముడతలు పడి మసగ్గా వచ్చింది. అప్పుడు చెక్కని అద్దం మీద బోర్లించి చూశాను. అబ్బ! ఉలి వెళ్ళిన ప్రతి జాడా తెర మీద కనపడింది. ఈకకీ ఈకకీ మధ్య వెంట్రుకంత సందు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, వెనక నుంచి బాబాయ్ గొణిగాడు.

"ఎడమవైపు చూస్తోంది చిలక."

నాకర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు. అచ్చు మీద బొమ్మ తిరగబడి ఉంటుంది. చెక్క మీద చిలక ఎడమకి చూస్తేనే బట్ట మీద కుడికి చూస్తుంది. "చెక్క మా ఇంట్లో ఉండేది. లోకం చూసేది బట్ట. దాన్ని పెట్టకుండా దీన్ని పెడతావేంటి?"

"బట్ట సరిగ్గా రావట్లేదు బాబాయ్. ఫారిన్ వాళ్ళకి చెక్కే నచ్చుద్ది. మీకు తెలీదు."

మీకు తెలీదు అన్నాను. ముప్పై ఏళ్ళు చెక్కినాయనకి తెలీదు, రెండేళ్ళ నుంచి మౌస్ పట్టుకున్న నాకు తెలుసు! ఆయన మెత్తబడ్డాడు. నా మీద నమ్మకం. తెర మీద ఇంగ్లీషులో ఓ పెద్ద చిట్టా వచ్చింది. కింద ఒప్పుకుంటున్నాను అని గడి. నేను పైకి కిందికి చూడకుండా దాని మీద నొక్కేశాను. అందరూ అంతే నొక్కుతారు.

చిలక ఎక్కింది. దాని పక్కనే చొక్కా లేని కోతి ఒకటి గెంతుతూ, నన్ను కొడితే బహుమతి అని పిలుస్తోంది.

"నా చిలక పక్కన ఈ కోతేంటి?"

"యాడ్ బాబాయ్. ఊరికే ఇచ్చాడు కదా, అందుకు."

"తీసెయ్యమను."

"తియ్యడు బాబాయ్."

"నా గోడ మీద వాడి కోతిని కట్టేస్తే, నేనడిగితే తియ్యడా? ఎవరా మనిషి?" అన్నాడు. ఆ పేజీ చూసి ఏ ఊరి నుంచో ఒకావిడ ఒకే ఒక్క మెయిల్ రాసింది, చాలా అందంగా ఉంది అని. ఆర్డరేమీ లేదు. అయినా బాబాయ్ దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆవిడ కింద తన పేరు రాసిందని.

ఏడాదిన్నర గడిచింది. ఒక శనివారం మధ్యాహ్నం వచ్చాడు. గురువారం కాదు, శనివారం. నేను తలెత్తి చూసేసరికి చెప్పులతోనే లోపలికొచ్చి నిలబడున్నాడు.

సంచిలోంచి దుప్పటి తీసి నా కీబోర్డు మీద పరిచాడు. మిల్లు దుప్పటి. పల్చటి నూలు, పచ్చటి పచ్చ, ఎర్రటి ఎరుపు. దాని నిండా చిలకలు. మెడ తిప్పి, తీగ మీద కూర్చుని, అన్నీ ఎడమవైపు చూస్తున్నాయి.

"బందరు బజార్లో గుట్టలు పోసి అమ్ముతున్నారు. గుడివాడలోనూ ఉన్నాయంట" అన్నాడు.

"ఎవరో మీ చీర చూసి కాపీ కొట్టారు బాబాయ్" అన్నాను. ఆ మాట అంటుండగానే నాకు తెలిసిపోయింది.

"చీర చూసి కొడితే కుడికి చూడాలి కదమ్మాయ్" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఇది బట్టని చూసి చేసింది కాదు, చెక్కని చూసి చేసింది. చెక్క మా ఇంట్లో ఉంది. ఇంకెక్కడుంది?"

ఇంకెక్కడుంది! నా పేజీలో ఉంది, కోతి పక్కన. దాన్ని అక్కడ పెట్టింది నేను. బట్ట పెట్టమంటే చెక్క పెట్టింది నేను. దుప్పటి కొసలు పట్టుకుని మిల్లు పేరు కోసం వెతకడం మొదలుపెట్టాను. కుర్రాళ్ళు ఆట ఆపేశారు.

ఆ దుప్పటి మీద మిల్లు పేరు లేదు. ఎక్కడ చేశారో షాపువాడికీ తెలీదు, లారీలో వస్తాయన్నాడు. ఇక మిగిలింది వెబ్‌సైట్ కంపెనీ. బాబాయ్ అడిగింది ఒకటే. "ఆ రోజు ఏదో కాగితం వచ్చింది కదా, దాని మీద నొక్కావ్. అందులో ఏముందో చదువు."

ప్రింటు తీస్తే పద్నాలుగు పేజీలొచ్చింది. మర్నాడు ఆదివారం షట్టరు సగం దించి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు, ఆటలో పేర్లు విన్నట్టే. తొమ్మిదో పేజీలో దొరికింది. మేం పెట్టిన బొమ్మని వాళ్ళు వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు, ప్రపంచంలో ఎక్కడైనా, ఎప్పటికీ. మా చేతిలో ఏమీ ఉండదు. అంతా నేను ఒప్పుకున్నదే.

"మళ్ళీ చదువు."

చదివాను.

"ఇది చదవకుండా ఒప్పుకున్నావా?"

"అందరూ అంతే బాబాయ్. ఎవరూ చదవరు."

"నాకు చదువు రాదమ్మాయ్" అన్నాడు. "నా జన్మలో మూడుసార్లు వేలిముద్ర వేశాను. మూడుసార్లూ ప్లీడరు గుమాస్తాతో మొత్తం చదివించుకుని, మళ్ళీ చదవమని, అప్పుడేశాను. నాకు చదువు రాదు కదా అని అంత జాగ్రత్త. నీకు వచ్చుగా!"

తల కొట్టేసినట్టయింది.

అయినా రాశాం. ఆయన చెప్తుంటే నేను ఇంగ్లీషులో పెట్టాను. అయ్యా, ఇది మా నాన్న గీసింది, నేను చెక్కింది, ఎవరు తీసుకున్నారో చెప్పండి, మాకు వాళ్ళతోనే మాట. అరగంటలో జవాబొచ్చింది. బాబాయ్ ఇంకా స్టూలు మీదే ఉన్నాడు, మొహం వెలిగింది. "ఏమన్నాడు?"

మీ సమస్య మాకు ఎంతో ముఖ్యం. మీ ఫిర్యాదు నంబరు ఇది.

"పేరు?"

లేదు. నంబరుంది. అది కూడా మాకిచ్చిన నంబరే.

పదకొండు గురువారాలు. ప్రతిసారీ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేవాడు, ఎవర్నో కలవడానికి వచ్చినట్టు. ప్రతిసారీ అదే జవాబు, నంబరు మారేది. పేజీ తీసేస్తాను బాబాయ్ అంటే వద్దన్నాడు. దొంగ పడిన చోటు చెరిపేస్తే రేపు ఏం చూపిస్తాం అన్నాడు. పన్నెండోసారి ఒక ఫారం వచ్చింది. బొమ్మ మీదేనని రుజువుగా ప్రభుత్వం ఇచ్చిన కాగితాల కాపీ పంపండి అని. మర్నాడే ఆయన అచ్చు పట్టుకొచ్చాడు. నా బల్ల మీద పెట్టి, "ఇదిగో, దీనికంటే కాగితమేంటి? ముప్పై ఏళ్ళ నూనె ఉంది దీనికి. నా బొటనవేలు ఎక్కడ ఆనుద్దో అక్కడ గుంట పడింది చూడు" అన్నాడు. "ఇది పంపు."

ఎలా పంపను? వాళ్ళకి చెయ్యి లేదు, వేలు లేదు. ఆ గుంటలో వేలు పెట్టి చూసుకోవడానికి ఒక మనిషంటూ ఉండాలి కదా అవతల. ఒళ్ళు మండి నేనే ఇంగ్లీషులో నాలుగు తిట్లు రాసి పంపాను. మీ సమస్య మాకు ఎంతో ముఖ్యం అని వచ్చింది.

"ఆ ఆట చేసినోళ్ళే నయం" అన్నాడు బాబాయ్. "చివర్లోనైనా పేర్లేశారు."

ఆ రోజు వెళ్ళేముందు, అప్పట్నుంచీ నా దగ్గరే ఉన్న దుప్పటి మడత పెట్టి సంచిలో వేసుకున్నాడు. ఏం చేస్తారు దాన్ని అన్నాను. పొయ్యిలో పెడతానన్నాడు. పెట్టాడనే అనుకున్నాను.

ఈలోపు పెడనలో అద్దకం వాళ్ళు చిలక అచ్చు కోసం రావడం మానేశారు. వాళ్ళనీ అనలేం. దుప్పట్లో వచ్చేసిన చిలకని చీర మీద ఎవరు వేయించుకుంటారు బాబాయ్ అన్నారంట. పెళ్ళికెళ్తే పక్కావిడ, ఇదేంటి దుప్పటి కట్టుకొచ్చావ్ అని నవ్విందని ఒకామె చీర తీసి మూల పడేసిందంట. పిన్ని ఈ సంగతి చెప్పి కళ్ళొత్తుకుంది.

రెండు గురువారాలు రాలేదు. మూడో వారం నేనే పెడన వెళ్ళాను. వీధి మొగదల్లోనే చర్రు చర్రుమని చప్పుడు. ఆయన వసారాలో కూర్చుని, పాదాల మధ్య చెక్క బిగించి చిత్రిక పడుతున్నాడు. పక్కన రెండు చెక్కలు అప్పటికే నున్నగా, ఖాళీగా ఉన్నాయి. చుట్టూ పొట్టు చుట్టలు, నూనె తాగి, ఎర్రగా, నల్లగా. పిన్ని గుమ్మం పట్టుకుని నిలబడుంది. మూడో చెక్క కూడా అయిపోయింది. నాలుగోది చేతిలోకి తీసుకున్నాడు. గీతల అచ్చు.

"బాబాయ్! వద్దు బాబాయ్, ఆగండి!" అని అరిచాను.

అప్పుడు తలెత్తాడు. అంత కోపం ఆ మొహంలో ముందెప్పుడూ చూడలేదు.

"వెనక్కి తెచ్చే మీట ఉంది కదా నీ దగ్గర" అన్నాడు. "నొక్కు."

ఆయన చిత్రిక పెట్టాడు. మొదటి తోపుకి ముక్కు పోయింది, రెండో తోపుకి మెడ. నాలుగో తోపుకి ఏమీ లేదు. బొటనవేలితో ఆ చెక్క అంచు ఒకసారి రాసి చూసి, లేచొచ్చి నా చేతిలో పెట్టాడు. "దీన్ని పెట్టు కంప్యూటర్లో. ఎవరు తీసుకుంటారో తీసుకోమను." ఆ చెక్క ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది.

ఆ తర్వాత ఆయన నా సెంటరుకి రాలేదు. నన్ను తిట్టలేదు కూడా, అదే నాకు భరించరానిదయింది. బస్టాండులో ఎదురుపడితే బాగున్నావా అమ్మాయ్ అనేవాడు. పువ్వులు చెక్కాడు, మామిడి పిందెలు చెక్కాడు, గుడివాడ వాళ్ళెవరికో తలుపు చెక్కలు చేశాడని విన్నాను. చిలకని మాత్రం మళ్ళీ చెక్కలేదు. చేతులు వణుకుతున్నాయంటున్నాడని పిన్ని అంది. అబద్ధం. పువ్వులకి వణకని చేతులు చిలకకి ఎందుకు వణుకుతాయి?

మొన్న గురువారం పొద్దున పెడన నుంచి ఫోనొచ్చింది. నిద్రలోనే పోయాడన్నారు. ఆటో పట్టుకుని వెళ్ళేసరికి ఆయన్ని వసారాలోకి తెచ్చారు, అప్పుడు చెక్కలు చిత్రిక పట్టిన చోటికే. మంచం మీద పరవడానికి ఏదన్నా తెండి అన్నారెవరో. పిన్ని చెల్లెలు లోపలికెళ్ళి, రోజూ ఆయన పక్క మీద ఉండేదేనంటూ ఒక దుప్పటి తెచ్చి విదిలించి పరిచింది.

ఆ దుప్పటి!

రంగులు తగ్గినా నాకు తెలియకపోవడమేంటి. మంచమంతా చిలకలు, మెడలు తిప్పి, ఎడమవైపు చూస్తూ. బతికినన్నాళ్ళూ ఆయన నోట్లో మట్టి కొట్టిన గుడ్డ, చచ్చాక ఆయన కిందకా! పొయ్యిలో పెడతానన్నాడు కదా, ఇన్నేళ్ళూ ఇంట్లో ఎందుకుంది? తీసెయ్యండి దాన్ని అని అరవబోతూ ముందుకెళ్ళాను. నా కంటే ముందు పిన్ని లేచింది. అప్పటిదాకా గోడకానుకుని ఏడుస్తున్న మనిషి లేచొచ్చి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"ఆ పక్క కాదమ్మా, ఇటు తిప్పి పరుచు. మీ బావ ఏ రోజూ అటు పరుచుకోలేదు. నేను మర్చిపోయి వేస్తే లేచి మళ్ళీ తిప్పి వేసుకునేవాడు."

దుప్పటి తిరగేసి పరిచారు. పల్చటి బట్ట, రంగు వెనక్కి సగమే దిగింది. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి అది కూడా వెలిసిపోయింది. ఆయన్ని పడుకోబెడుతుంటే దగ్గరికెళ్ళి వంగి చూశాను. చిలకలు లీలగా ఉన్నాయి. అన్నీ కుడివైపు చూస్తున్నాయి.